‘స్పెషల్ ఫోర్సెస్’ షో చూసి మూడు రోజుల కమాండో క్యాంపులో చేరవచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగినవి రెండు. ‘స్పెషల్ ఫోర్సెస్: వరల్డ్స్ టఫెస్ట్ టెస్ట్’ లాంటి షోలలో సెలబ్రిటీలకు ఇచ్చే ట్రైనింగ్, ఆర్మీలో నిజంగా ఇచ్చేదీ ఒకటేనా అన్నది మొదటిది. అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్న నువ్వు, మీ ఊరి దగ్గర ఆ షో పేరు చెప్పి పెడుతున్న మూడు రోజుల ‘కమాండో క్యాంపు’కి ఆరు వేలు కట్టి వెళ్లవచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. వెళ్లొద్దు. ఎందుకు వద్దంటున్నానో నీకు అర్థం కావాలంటే మొదటి ప్రశ్న సంగతి పూర్తిగా చెప్పాలి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను ఆర్మీలో పదిహేడేళ్లు చేశాను. అందులో ఎక్కువ కాలం పీటీ ఇన్‌స్ట్రక్టర్‌గా, అంటే రిక్రూట్లు ‘ఉస్తాద్’ అని పిలిచే ఉద్యోగంలో ఉన్నాను. స్పెషల్ ఫోర్సెస్‌లో, అంటే కమాండో దళాల్లో, నేను చేయలేదు. ఆ మాట ముందే చెప్పాలి. వాళ్లతో కలిసి పని చేశాను, వాళ్ల ప్రొబేషన్‌కి, అంటే ఆ దళంలోకి తీసుకునే ముందు పెట్టే పరీక్షా కాలానికి, వెళ్లాలనుకున్న కుర్రాళ్లను తయారు చేశాను. హవల్దార్‌గా రిటైరై ఊరికి వచ్చాక, ఆరేళ్లుగా కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున ఐదింటికి నీలాంటి పిల్లలతో ఉంటున్నాను. వాళ్లలో సగం మంది ఈ షోల క్లిప్పులు ఫోన్‌లో పెట్టుకుని తిరుగుతుంటారు. అందుకని నేనూ కూర్చుని చూశాను, ఒకటి కాదు, నాలుగైదు దేశాలవి.

ఈ రకం షోలకు పుట్టినిల్లు బ్రిటన్. అక్కడ ఛానల్ 4లో 2015లో ‘ఎస్ఏఎస్: హూ డేర్స్ విన్స్’ మొదలైంది. ఎస్ఏఎస్ అంటే వాళ్ల స్పెషల్ ఎయిర్ సర్వీస్, మన ఆర్మీ కమాండోల పారా ఎస్ఎఫ్ లాంటి దళం. మొదట మామూలు జనాన్నే తీసుకున్నారు. 2019లో క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు పోగు చేసే కార్యక్రమం కోసం సెలబ్రిటీలతో చిలీ వెళ్లి ఆండీస్ కొండల్లో తీశారు. ఇంగ్లండ్ మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు వేన్ బ్రిడ్జ్ చివరిదాకా నిలిచాడు. తర్వాత అదే పద్ధతి ఆస్ట్రేలియాకి, అమెరికాకి వెళ్లింది. నువ్వు చూసింది అమెరికాలో ఫాక్స్ ఛానల్ వాళ్లది. 2023 జనవరిలో వచ్చిన మొదటి సీజన్‌ను జోర్డాన్‌లోని వాదీ రమ్ ఎడారిలో తీశారు. 16 మంది, 10 రోజులు.

అందులో ఇన్‌స్ట్రక్టర్లు వేషగాళ్లు కాదు. బిల్లీ బిల్లింగ్‌హామ్ ఎస్ఏఎస్‌లో చేసినవాడు, జేసన్ ఫాక్స్ బ్రిటిష్ నేవీ వైపు స్పెషల్ బోట్ సర్వీస్‌లో చేసినవాడు. రూడీ రేయస్ అమెరికన్ మెరైన్, రెమీ అడెలెకే అమెరికా నేవీ కమాండో దళం ‘సీల్స్’లో చేసినవాడు. ఓటింగ్ లేదు, ప్రైజ్ మనీ లేదు. పేరు తీసేసి చేతికి నంబర్ కడతారు. వద్దనుకుంటే ఆ నంబర్ పట్టీ తీసి ఇచ్చేసి వెళ్లిపోవచ్చు. లేదంటే దెబ్బ తగిలి వెళ్లాలి, లేదా ఇన్‌స్ట్రక్టర్లే పంపించేయాలి. టాస్కులు కూడా అబద్ధం కాదు. హెలికాప్టర్ అంచు మీద నిలబడి వెనక్కి నీళ్లలో పడటం, లోయ మీద కట్టిన తాడు దాటడం, నిద్ర లేకుండా బరువు మోయడం. కెమెరా ఉందని చలి తగ్గదు, ఎత్తు తగ్గదు.

చన్నీళ్ల సంగతే తీసుకో. 15 డిగ్రీల కంటే చల్లని నీళ్లలో ఒక్కసారిగా పడితే మొదటి నిమిషంలో ఊపిరి మన మాట వినదు. ఎగశ్వాస వస్తుంది, గుండె దడదడలాడుతుంది. ఆ సమయంలో తల నీళ్లలో ఉంటే ఊపిరితో పాటు నీళ్లు పీల్చేస్తారు. ఎంత ఈత వచ్చినా మునిగిపోయేది చాలావరకు అప్పుడే. ఒకటి రెండు నిమిషాలు కాళ్లూ చేతులూ కొట్టుకోకుండా తేలుతూ ఉండగలిగితే ఊపిరి మళ్లీ దారికొస్తుంది. ఆ షోలో నీళ్లలో పడ్డవాళ్ల మొహాల్లో కనిపించే భయం నటన కాదు. దాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. సినిమావాళ్లు కదా, సుకుమారులు కదా అని నవ్వే పిల్లల్ని గ్రౌండ్‌లో మందలిస్తాను.

మరి తేడా ఎక్కడ? అరుపులో ఉంది.

షోలో ఇన్‌స్ట్రక్టర్ మొహంలో మొహం పెట్టి అరుస్తాడు, తిడతాడు. నువ్వు చేరాలనుకుంటున్న క్యాంపువాళ్ల వీడియోలో కూడా అదే చూశాను. ఆర్మీలో అరుపు ఉంది, కాదనను. నేనే గొంతు పోయేలా అరిచేవాణ్ణి. కానీ అది రిక్రూట్ ట్రైనింగ్‌లో. అక్కడ ఇంటి దగ్గర నుంచి నిన్నగాక మొన్న వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు ఉంటారు. గ్రౌండ్ పెద్దది, మనుషులు వందల్లో ఉంటారు, మాట చివరి వరుసకి వినపడాలి. ఆలోచించే లోపు కాళ్లు కదలాలి. అరుపు అందుకు. ఉస్తాద్ అరుస్తున్నాడంటే నిన్ను పాస్ చేయించే బాధ్యత ఇంకా ఆయన మీద ఉందని అర్థం. ఒక స్క్వాడ్‌లో పదిమంది ఫెయిలైతే మమ్మల్ని పిలిచి అడిగేవాళ్లు, ఏం నేర్పారు మీరు అని.

సెలక్షన్ వేరు. ఈ షోకి మూలమైన ఎస్ఏఎస్‌కి మనుషుల్ని ఏరుకునే మొదటి దశలో ఎవరూ అరవరు. అది వేల్స్‌లోని బ్రెకన్ బీకన్స్ కొండల్లో జరుగుతుంది. అభ్యర్థి వీపు మీద బరువు, చేతిలో మ్యాపు, దిక్సూచి. ఒంటరిగా నడవాలి. ఒక చెక్‌పాయింట్‌కి చేరితే అక్కడున్న ఇన్‌స్ట్రక్టర్ తర్వాతి చోటు ఎక్కడో చెబుతాడు, అంతే. ఆలస్యమైందా, బాగా చేస్తున్నావా, ఇంకా ఎంత దూరం ఉంది, ఏమీ చెప్పడు. భేష్ అనడు, తిట్టడు. ఆ దశ చివర్లో దాదాపు 64 కిలోమీటర్ల నడక 20 గంటల్లో పూర్తి చేయాలి. మధ్యలో ఆగిపోతానంటే ఎవరూ బతిమాలరు. లారీ ఎక్కి వెళ్లిపోవచ్చు. మన పారా ఎస్ఎఫ్ ప్రొబేషన్ 90 రోజులు. అక్కడి నుంచి వెనక్కి వచ్చిన కుర్రాడు ఒకడు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. “ఉస్తాద్, అక్కడ ఎవరైనా నన్ను తిట్టి ఉంటే ఇంకో రెండు రోజులు ఉండేవాణ్ణి” అన్నాడు.

ఆ మౌనాన్ని టీవీలో చూపించలేరు. ఒక మనిషి పొగమంచులో తొమ్మిది గంటలు ఒంటరిగా నడుస్తుంటే చూసే వాళ్లెవరు? అందుకని షోవాళ్లు సెలక్షన్‌లోని పనుల్ని తీసుకుని, రిక్రూట్ ట్రైనింగ్‌లోని అరుపుల్ని దానికి అతికించారు. రెండూ నిజమైనవే, కానీ ఆ కొండల్లో రెండూ కలిసి ఉండవు. నువ్వు చూస్తున్నది ఆ అతుకు.

రెండో తేడా సమయం. నా దగ్గర శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రిక్రూట్ ఒకడుండేవాడు. పరుగులో గుర్రం. తాడు దగ్గరికి వచ్చేసరికి సగంలో ఆగిపోయేవాడు. నిటారుగా వేలాడే తాడు ఎక్కడం బీపీఈటీ అనే మా ఆర్మీ దేహదారుఢ్య పరీక్షలో ఒక భాగం. వాడు నాలుగో వారం కూడా అదే తీరు. చేతులతో లాక్కుంటూ సగం దాకా వెళ్లడం, భుజాలు వణకడం, జారి అరచేతులు కాల్చుకోవడం. మిగతావాళ్లు కింద నుంచి కేకలు వేస్తుంటే ఇంకా బిగుసుకుపోయేవాడు. ఒక ఆదివారం సాయంత్రం గ్రౌండ్ ఖాళీగా ఉన్నప్పుడు వాణ్ణి ఒక్కణ్ణే తీసుకెళ్లాను. తాడు ఎక్కనివ్వలేదు. నేల మీద కూర్చోబెట్టి బూట్ల మధ్య తాడు పెట్టాను. కుడి కాలి పక్కగా తాడు జారవిడిచి, పాదం కిందుగా తీసుకుని, ఎడమ పాదంతో దాన్ని పైనుంచి నొక్కి పట్టు అన్నాను. అది పడితే తాడు మీద మెట్టు కట్టినట్టే. ఆ మెట్టు మీద నిలబడాలి, చేతులు ఊరికే పట్టుకోవడానికి. ముప్పై నలభై సార్లు కూర్చునే చేయించాను. తర్వాత రెండడుగుల ఎత్తులో వేలాడి చేయించాను. చీకటి పడేదాకా అంతే. మర్నాడు వాడు పైకి వెళ్లి తాడు కట్టిన దూలం తట్టి దిగాడు. దిగాక తన బూట్ల వైపే చూసుకుంటూ నిలబడ్డాడు చాలాసేపు.

వాడికి ధైర్యం లేక కాదు నాలుగు వారాలు ఆగింది. కాలు ఎక్కడ పెట్టాలో ఎవరూ చూపించలేదు, నాతో సహా. ట్రైనింగ్ అంటే అదీ. నెలల తరబడి కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ పోవడం. పది రోజుల షోలో నేర్పడానికి టైమ్ ఉండదు. వచ్చినవాళ్లలో అప్పటికే ఏముందో బయటపెట్టడం మాత్రమే కుదురుతుంది.

ఎవరు నిలబడ్డారో చూడు, అర్థమవుతుంది. వాదీ రమ్‌లో 16 మందిలో చివరికి పాసైంది ఇద్దరు, ఇద్దరూ మహిళలే. ఒకరు టీవీ నుంచి వచ్చిన హానా బ్రౌన్, ఇంకొకరు అమెరికా ఫుట్‌బాల్ క్రీడాకారిణి కార్లీ లాయిడ్. 2015 వరల్డ్ కప్ ఫైనల్లో జపాన్ మీద మొదటి 16 నిమిషాల్లోనే మూడు గోల్స్ కొట్టింది ఈవిడే. ఆ గుండె దిటవు ఎడారిలో పది రోజుల్లో వచ్చింది కాదు. చిన్నప్పటి నుంచి రోజూ గ్రౌండ్‌కి వెళ్లి తెచ్చుకున్నది. బ్రిటన్‌లో 2020 సెలబ్రిటీ సిరీస్‌లో నిలిచిన ఇద్దరిలో లారెన్ స్టెడ్‌మన్ ఒకరు. పుట్టుకతోనే కుడి ముంజేయి లేదు. పారా ట్రయథ్లాన్ క్రీడాకారిణి, ఆ తర్వాత టోక్యో పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. కండలు చూసి వీళ్లు నిలుస్తారు, వీళ్లు నిలవరు అని మొదటి ఎపిసోడ్‌లో అనుకున్నవన్నీ తప్పాయి నాకు. గట్టిగా కనిపించిన మగవాళ్లు కొందరు ఎవరో తమకు చెప్పడమేమిటి అన్న చికాకుతోనే సగం శక్తి పోగొట్టుకున్నారు. నిలబడ్డవాళ్లు భయపడుతూనే చెప్పింది విన్నారు. చేయి ఇక్కడ పెట్టు అంటే అక్కడే పెట్టారు. ఈ షోల నుంచి నువ్వు తీసుకోవాల్సింది ఏదైనా ఉంటే అదే, నేను మా పిల్లలకు చూపించే క్లిప్పులు కూడా అవే.

నాకు మింగుడుపడని భాగం ఒకటుంది. తల మీద సంచి తొడిగి గదిలోకి తీసుకొచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ల జీవితంలోని దుఃఖాన్ని అడుగుతారు. విడాకులు, చనిపోయిన బిడ్డ, తాగుడు. నిద్ర లేని మనిషి ఇట్టే ఏడుస్తాడు. ఆ ఏడుపు చూసి ఇంట్లో కూర్చున్నవాళ్లకు ధైర్యం వచ్చి తమ బాధ ఎవరితోనైనా చెప్పుకుంటే మంచిదే, అలా జరుగుతుందని కూడా నమ్ముతాను. కానీ నా సర్వీసులో కుర్రాడు రాత్రి బ్యారక్‌లో ఏడిస్తే మేం తలుపు దగ్గరకు వేసి పక్కన కూర్చునేవాళ్లం. అది పదిమందికి చూపించే విషయం కాదు మాకు. చివర్లో వచ్చే ఇంటరాగేషన్ ఘట్టం గురించీ ఇదే మాట. శత్రువుకి చిక్కితే నోరు విప్పకుండా ఉండటానికి సైనికుడికి ఇచ్చే తర్ఫీదు అది. రేపు నిజంగా చిక్కే అవకాశం ఉన్నవాడి కోసం పెట్టినది. దాన్ని వినోదంగా చూడటం నా వల్ల కాలేదు, ఆ రెండు ఎపిసోడ్లు మధ్యలోనే ఆపేశాను.

ఇలా బాధపడ్డది నేనొక్కణ్ణే కాదు. 2012లో అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్ ‘స్టార్స్ ఎర్న్ స్ట్రైప్స్’ అని ఒక షో పెట్టింది. సెలబ్రిటీలు మాజీ సైనికులతో జతకట్టి అసలు తూటాలతో మిషన్లు చేయడం. మాజీ జనరల్ వెస్లీ క్లార్క్ దానికి ఒక హోస్ట్. డెస్మండ్ టుటు, జోడీ విలియమ్స్‌తో సహా తొమ్మిది మంది నోబెల్ శాంతి బహుమతి గ్రహీతలు బహిరంగ లేఖ రాశారు, యుద్ధం ఆట కాదు, ఈ షో ఆపండి అని. ఒక్క సీజన్‌తోనే అది ముగిసింది. సైనికుడిగా ఆ లేఖతో నేను ఏకీభవిస్తాను. ఎస్ఏఎస్ తరహా షోలు దానికంటే నయం, ఎందుకంటే వాటిలో శత్రువు లేడు, మనిషి తన భయంతోనే తేల్చుకుంటాడు.

దక్షిణ కొరియా సంగతి వేరు. అక్కడ ఎంబీసీలో 2013 నుంచి 2016 దాకా ‘రియల్ మెన్’ అని వచ్చింది. సెలబ్రిటీలు నిజమైన ఆర్మీ యూనిట్లలోకి వెళ్లి, నిజమైన సైనికులతో బ్యారక్‌లో ఉండి, వాళ్ల తిండి తిని, వాళ్ల డ్యూటీ చేసేవారు. అరుపుల కంటే మంచం సర్దడం, వరుసలో భోజనం తీసుకోవడం, చెప్పిన మాట మరిచిపోయి ఇబ్బంది పడటం ఎక్కువ. కొరియాలో మగవాళ్లందరికీ సైనిక సేవ తప్పనిసరి. కాబట్టి షో చూసే ప్రతి ఇంట్లో నాన్నో, అన్నో ఉంటాడు, ఇది నిజం, ఇది కాదు అని చెప్పడానికి. మనకు ఆ వీలు లేదు. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో పుట్టినవాడికైతే అరుగు మీద కూర్చున్న తాతే చెబుతాడు. మిగతా ఊళ్లలో పిల్లలకు ఆర్మీ అంటే ఫోన్‌లో కనిపించే ముప్పై సెకన్ల రీలే. అదే కొరియాలో 2020లో యూట్యూబ్‌లో ‘ఫేక్ మెన్’ అని, యూట్యూబర్లకు నేవీ కమాండోల తరహా శిక్షణ ఇచ్చే సిరీస్ వచ్చింది. విపరీతంగా చూశారు. రెండో సీజన్ మరీ క్రూరంగా ఉందని గొడవలై అక్టోబర్‌లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది.

మన దగ్గర ఇంత కఠినంగా సెలబ్రిటీలను పెట్టిన షో తక్కువ. 2021 జనవరిలో డిస్కవరీ ప్లస్‌లో వచ్చిన ‘మిషన్ ఫ్రంట్‌లైన్’లో రానా దగ్గుబాటి జైసల్మేర్ వైపు బీఎస్ఎఫ్ జవాన్లతో గడిపారు. అది పరీక్ష కాదు, వాళ్ల రోజు ఎలా ఉంటుందో చూపించే ప్రయత్నం. నాకు అదే మర్యాదగా అనిపించింది, కెమెరా జవాన్ వైపు కూడా తిరిగింది. ఇక ఏ షో లేకుండా వెళ్లినవాడు ధోని. 2015 ఆగస్టులో ఆగ్రా పారా ట్రైనింగ్ స్కూల్లో శిక్షణ తీసుకుని 5 పారాచూట్ జంప్‌లు పూర్తి చేశాకే వింగ్స్, అంటే పారాట్రూపర్ల బ్యాడ్జి, పెట్టుకున్నాడు. టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా 2011లోనే వచ్చింది, కానీ వింగ్స్ హోదాతో రావు, దూకితేనే వస్తాయి. 2019లో జూలై 31 నుంచి పదిహేను రోజులు కశ్మీర్‌లో తన బెటాలియన్‌తో పెట్రోలింగ్, గార్డ్ డ్యూటీ చేశాడు.

ఇప్పుడు నీ క్యాంపు సంగతికి వస్తాను. ఇది రాయడం కోసమే మొదలుపెట్టాను.

మూడేళ్ల క్రితం మా గ్రౌండ్‌కి వచ్చే పిల్లాడొకడు, ఇంటర్ రెండో సంవత్సరం, నాకు చెప్పకుండా ఇలాంటి వీకెండ్ క్యాంపుకి వెళ్లాడు. పేరు రాయను. వేసవి, ఏప్రిల్ చివర. మొదటి రోజు లేటుగా వచ్చారని గుంజీళ్లు. ఐదొందలు అని చెప్పి, ఒకడు ఆగితే అందరికీ మళ్లీ మొదటి నుంచి. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని కప్పగెంతులు. వీడు ఆగలేదు, షోలో నంబర్ పట్టీ తీసి ఇచ్చేసినవాళ్లను చూసి నవ్వినవాడు కదా. రెండో రోజు తొడలు రాయిలా అయ్యాయి, మెట్లు దిగలేకపోయాడు. మూడో రోజు మూత్రం కోకాకోలా రంగులో వచ్చింది. భయపడి ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చాక వాళ్ల అమ్మ నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రంగు ఏంట్రా అని అడిగాను. చెప్పాడు. అప్పటికప్పుడు ఆటో ఎక్కించాం.

దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. అలవాటు లేని కండరాన్ని ఒకేసారి విపరీతంగా వాడితే, ముఖ్యంగా ఎండలో, కండరం చితికి అందులోని పదార్థం రక్తంలో కలుస్తుంది. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. రక్తంలో సీకే అనే పరీక్ష చేస్తే తెలుస్తుంది. మామూలుగా వందల్లో ఉండాల్సిన అంకె వాడికి వేలల్లో వచ్చింది. ఆరు రోజులు సెలైన్ మీద ఉన్నాడు. కిడ్నీలు దక్కాయి, డయాలిసిస్ దాకా వెళ్లలేదు. ఆ ఏడాది ర్యాలీ మాత్రం పోయింది. క్యాంపు నడిపినవాళ్లకు ఫోన్ చేస్తే, సంతకం పెట్టాడు కదా సార్ అన్నారు. ఆ సంతకం పెట్టినప్పుడు వాడికి పద్దెనిమిది కూడా నిండలేదు.

షోలో కెమెరా వెనక డాక్టర్లు ఉంటారు, తాడు కట్టేవాళ్లు, నీళ్లలోకి దూకడానికి సిద్ధంగా ఈతగాళ్లు ఉంటారు. ఎంపికకు ముందే ఒళ్లు, మనసు పరీక్ష చేస్తారు. ఇన్‌స్ట్రక్టర్ అరుస్తున్నంతసేపూ ఆ అరుపు వెనక ఇంత యంత్రాంగం ఉంది. క్యాంపువాడు ఆ అరుపు ఒక్కటే తెచ్చుకున్నాడు. అసలు సైన్యాల్లోనే ఈ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో చూడు. 2013 జూలైలో బ్రెకన్ బీకన్స్‌లో ఎస్ఏఎస్ రిజర్వ్ సెలక్షన్ కోసం 26 కిలోమీటర్ల నడక పెట్టారు. బాగా ఎండగా ఉన్న రోజు. ఆ నడకలో వడదెబ్బ తగిలి ముగ్గురు చనిపోయారు, ఇద్దరు అదే రోజు, ఒకరు రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి. 2015లో విచారణ జరిపిన అధికారి, వాళ్ల మరణాల్లో నిర్లక్ష్యం పాత్ర ఉందని తేల్చారు. వాళ్లు ఏళ్ల తరబడి తయారైన సైనికులు. నడక ఆపమని చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

కాబట్టి ఎవరి క్యాంపు అయినా సరే, డబ్బు కట్టే ముందు అడుగు. డాక్టర్ ఎవరు, గ్రౌండ్‌లోనే ఉంటాడా? నేర్పేవాడు ఏ యూనిట్‌లో, ఏ కోర్సు చేశాడు? పీటీ కోర్సు పుణేలోని ఆర్మీ ఇన్‌స్టిట్యూట్‌లో చేసినవాడైతే గర్వంగా చెబుతాడు. దాటేస్తే అనుమానించు. ఎవరైనా ఆగిపోతానంటే ఏం చేస్తారు అని అడుగు. ఈ మూడో ప్రశ్నకి వాళ్లు నవ్వితే అక్కడి నుంచి వచ్చేయ్.

ఇక నీ ర్యాలీకి కావలసింది హెలికాప్టర్ నుంచి దూకడం కాదు. 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్-అప్స్, 9 అడుగుల గొయ్యి దాటడం, జిగ్-జాగ్ బీమ్ మీద నడక. నోటిఫికేషన్‌లో ఆ ఏడాది ఇచ్చిన టైమ్ చూసుకో. నేను మాత్రం పిల్లలందరికీ 5 నిమిషాల 30 సెకన్లే లక్ష్యంగా పెడతాను. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద ఒక రౌండ్ 82 సెకన్లు. వారానికి రెండు రోజులు ఆ వేగంతో 400 మీటర్లు నాలుగైదు సార్లు, మధ్యలో రెండు నిమిషాలు నడక. ఒక రోజు ఆరేడు కిలోమీటర్లు మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా. మిగతా రోజుల్లో తేలిక పరుగు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. వారం వారం దూరం పెంచేటప్పుడు పదో వంతు కంటే ఎక్కువ పెంచకు, మోకాలి కింది ఎముక నొప్పి మొదలయ్యేది అక్కడే. పుల్-అప్స్ రాకపోతే స్టూల్ ఎక్కి గడ్డం కడ్డీ పైకి పెట్టుకుని, ఐదు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగు. రోజుకి పది సార్లు, మూడు విడతలుగా. నెల రోజుల్లో ఒకటి వస్తుంది, ఒకటి వచ్చాక ఐదు త్వరగానే వస్తాయి. ఎండలో పరిగెత్తాల్సి వస్తే ఒంటికి అలవాటు కావడానికి పది పదిహేను రోజులు పడుతుంది, మొదటి రోజే పూర్తి వేగం వద్దు. నీళ్లు ఒకేసారి లీటర్ల కొద్దీ తాగడం కూడా ప్రమాదమే, కొంచెం కొంచెంగా, ఉప్పు కలిపిన మజ్జిగైతే ఇంకా మంచిది.

ఆ ఆరు వేలలో మూడు వేలు పెట్టి మంచి రన్నింగ్ షూ కొనుక్కో, మిగతాది ఇంట్లో ఇచ్చేయ్, గుడ్లకూ పాలకూ సరిపోతుంది. నీ 1.6 టైమ్ ఇప్పుడు ఎంతో, పుల్-అప్స్ ఎన్ని వస్తున్నాయో, ర్యాలీకి ఎన్ని వారాలుందో ఇక్కడే రాయి. పరుగు అయ్యాక మోకాళ్ల దగ్గర గానీ, మోకాలి కింద ముందు ఎముక మీద గానీ నొప్పి ఉంటే అదీ రాయి, దాన్ని దాచకు. వారం వారం ఏం చేయాలో చెబుతాను.